ఎప్పుడూ చేసే పద్ధతి పక్కన పెట్టి ఒక్క రోజు వేరేగా చేసి చూసినారా? ఏమైంది?

చూసినా. ముగ్గేసినా. జవాబు ఇంతే, టైం లేనోళ్ళు ఇక్కడితో ఆపేసి వేరే పని చూసుకోవచ్చు.

కింద ఉండేదంతా ఆ ముగ్గు సోదే. 2022 డిసెంబర్ నెలాఖరు, శుక్రవారం, ధనుర్మాసం, తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి ముందర. అప్పటికి నాకు 48. ఫ్లెక్సీలు, పెళ్ళి పత్రికలు ప్రింట్ చేసే చిన్న షాపు నాది, అంటే పొద్దస్తమానం గీతలతోనే పని గానీ అదంతా మౌసు పట్టుకునే. చేత్తో నేల మీద ఒక గీత గీసింది బుద్ధెరిగినాక లేదు.

సంగతేందంటే మా ఆవిడకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. ఆపరేషన్ అయిపోయింది, మనిషి బాగానే ఉంది, ఇంకో రెండ్రోజులు ఉండి పొమ్మన్నారు. తోడుకి మా మరదలు ఉంది. పాపకి చెన్నైలో ఉద్యోగం, లీవు దొరకలా. ఇంట్లో నేనూ మా అమ్మా. ముందు రోజు రాత్రి పదికి ఫోన్ వచ్చింది. నొప్పి గురించి చెప్తుందేమో అని నేను చెవి రిక్కించుకోనుంటే, "రేపు శుక్రవారం, వాకిట్లో ముగ్గు ఎవురేస్తారు?" అనింది.

ఒక్కరోజుకి ఏమవుతాదిలే అన్నా.

"ఏమవుతాదా? నన్ను ఆటోలో తీస్కపోయింది వీధంతా చూసింది. ధనుర్మాసంలో వాకిలి బోడిగా ఉంటే నేను పోయినాననే అనుకుంటారు. పాలబ్బాయి మొదులుకోని అందరూ పలకరింపుకి వచ్చేస్తారు, చూస్తా ఉండు."

నాకు నవ్వొచ్చింది గానీ ఆమె తమాషాకి చెప్పలా. మా వైపు ఇంట్లో మనిషి పోతేనే వాకిట్లో ముగ్గు ఆగేది. ముగ్గు లేని ఇల్లంటే అదే అర్థం. ఆమె తన చావువార్త తనే ఆపుకుంటా ఉంది ఆస్పత్రి మంచం మీది నుంచి, నేనేమో ఏమవుతాదిలే అంటా ఉండా.

సరే ఎవురితో వేయించాల. పనామె వచ్చేది ఎనిమిదికి. పక్కింటోళ్ళు తిరువణ్ణామలై పోయినారు. ఎదురింట్లో తమిళామె ఉంది, ఆమె చేతి ముగ్గు చూసేదానికి పక్క వీధి నుంచి కూడా వస్తారు గానీ ఆమె తన వాకిలికే గంటసేపు వంగి వేస్తాది, ఇంకో వాకిలి కూడా వేయమ్మా అని ఏ మొహం పెట్టుకోని అడిగేది. స్టిక్కర్ అంటించొచ్చు, మా షాపులోనే ప్రింట్ చేస్తాం, రెండడుగుల ముగ్గు స్టిక్కర్, అపార్ట్‌మెంట్ వాళ్ళు తెగ కొంటారు. ఆ మాట ఎత్తేలోపలే ఆమె, "స్టిక్కర్ అంటించినావంటే నేను ఆస్పత్రి నుంచి మా అమ్మోళ్ళింటికి పోతా" అనేసి ఫోన్ పెట్టేసింది.

స్టిక్కర్ అంటే గుర్తొచ్చింది, మధ్యలో ఒక మాట. సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెడతారు చూడండి, వాటి ఫ్లెక్సీలు నేనే వేస్తా కాబట్టి నా కడుపు మీద నేనే కొట్టుకుంటా ఉండా, అయినా చెప్తా. అవి ముగ్గులు కావు. ఐదు కేజీల రంగు పోసి నెమలి, చెరుకు గడ, పొంగలి కుండ, కుండ మీద లీడర్ మొహం. జడ్జి కార్లో వచ్చి కిటికీ దించి చూసి పోతాడు. ఫస్ట్ ప్రైజు కుక్కర్. చుక్కలు పెట్టి మెలిక తిప్పే ఆమెకి కన్సొలేషన్ కింద స్టీలు డబ్బా. ఇది అన్యాయం కాదా? సరే వదిలేయండి.

పొద్దన్నే నాలుగున్నరకి లేసినా. ఎవురూ చూడకముందే ముగించేద్దామని ప్లాను. చలి. వీధి చివర గుళ్ళో మైకు పెట్టి తిరుప్పావై వేస్తా ఉండారు. పొరక తీసుకోని కసువు చిమ్మినా, అక్కడి దాకా బాగానే ఉంది. తర్వాత కళ్ళాపి. పాకాల దగ్గర మా పల్లెలో అయితే పేడనీళ్ళు చల్లేది, మట్టి నేల, పచ్చగా ఆరి ముగ్గుకి పలక మాదిరి తయారయ్యేది. ఇక్కడ సిమెంటు రోడ్డు. నీళ్ళు చిలకరించాల అనే ఇంగితం లేకుండా నేను బక్కెట నీళ్ళూ దబీమని గుమ్మరించేసినా. ఆ చప్పుడుకి మా అమ్మ లేసింది.

మా అమ్మకి అప్పుడు 74, మోకాళ్ళు అరిగిపోయినాయి. గోడ పట్టుకుంటా తిన్నె మీదికి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నా చేతిలో ముగ్గు డబ్బా చూసింది.

"రేయ్, ఏందది?"

"ముగ్గేస్తా మా."

"నీకేమన్నా మతి పోయిందా నాయనా? మొగోడు ముగ్గేస్తే ఇంటికి అరిష్టం."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్పేదేంది, ఏ ఇంటి ముందరన్నా మొగోడు వంగోని ముగ్గేస్తా ఉంటే చూసినావా?"

ఇదీ మా అమ్మ సాక్ష్యం. చూడలేదు కాబట్టి కూడదు. నేను గట్టిగా చెప్తా వినండి, మొగోడు ముగ్గు వేయకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. శాస్త్రాలు చదివినావా అంటే లేదు. ఉండుంటే మా అమ్మ ఈపాటికి నూరుసార్లు చెప్పుండేది, నాకు ఆ ఆధారం చాలు.

ఇంకో పాయింట్ కూడా తీసినా ఆ చలిలో నిలబడి. "అమా, కొండ మీద స్వామికి ఏడాదంతా సుప్రభాతం కదా, ఈ నెల మాత్రం దాని బదులు తిరుప్పావై చదువుతారు. అర్చనకి తులసి బదులు మారేడాకు వాడతారు. మారేడు శివుడిది. ఏడుకొండలవాడే నెల రోజులు పద్ధతి మార్చుకుంటే లేంది మనకేంది?" అన్నా. మా అమ్మ కాసేపు ఆలోచించి, "దేవుడు వేరు నువ్వు వేరు. ముందర ఆ నీళ్ళు పక్కకి తోసెయ్, పిండంతా బురదైపోతాది" అనింది.

అది పర్మిషనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. తోసేసినా.

యూట్యూబ్‌లో ముందు రాత్రే చూసి పెట్టుకున్నా, 7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు. తెలియనోళ్ళకి, నడిమిన ఏడు పెట్టి, పైన కింద ఆరు, ఐదు, నాలుగు, ఒకదాని సందులో ఒకటి వచ్చేటట్టు పెట్టుకుంటా పోవాల. మొత్తం 37. నేను పెట్టి లెక్కేస్తే 39 వచ్చినాయి. మళ్ళీ లెక్కేస్తే 38. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పిండి పట్టి సన్నంగా జారవిడవాలంట. నాకు ఒక చోట ముద్దగా పడతాది, ఒక చోట అసలు పడదు. కోడి గెలికినట్టుంది. పిండి పట్టేది కాదు కష్టం, విడిచేది కష్టం. మా ఆవిడ ఇదే పని పక్కింటామెతో కరెంటు బిల్లు గురించి మాట్లాడుకుంటా, ముగ్గు వైపు చూడకుండా చేస్తాది, నా కళ్ళతో చూసినా.

ఐదున్నర అయ్యింది. చీకటి పల్చబడింది. అప్పుడొచ్చినాడు వాకింగుకి మూడో ఇంటాయన.

"ఏందన్నా, వొదిన ఇంట్లో నుంచి తరిమేసిందా?" అని గట్టిగా నగతా ఉండాడు, ఇంకో ఇద్దరికి వినపడాలని.

ఈయన ఎవురంటే, ప్రతి మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకి మొక్కు తీర్చుకునే మనిషి. పెళ్ళాం పట్టుచీర కట్టి, జాకెట్టు వేసి, గాజులు తొడిగి, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి, జడకి మూరెడు మల్లెపూలు, కింద మీసం మాత్రం అట్లే ఉంటాది. గుడికి పోతాడు, దార్లో పదిమంది ఫోటోలు తీసుకుంటారు, తిరుపతిలో ఆ వారం ఎవురూ నగరు. నేనూ చిన్నప్పుడు ఒకసారి కట్టినా.

నేనూ లేసి నిలబడి (నడుము పట్టేసింది, అందుకు కూడా లేసినా), "అబ్బయ్యా, నువ్వు మే నెల్లో చీర కట్టుకోని ఈ వీధిలోనే పోతివి, నేను నగినానా?" అన్నా.

"అది మొక్కు కదన్నా."

"ఇదీ మొక్కే అనుకో పో."

అనేసినా గానీ ఆ మాట రోజంతా నా బుర్రలో తిరగతానే ఉంది. జాతర అంటే ఏంది అసలు? ఆడోళ్ళని బతకనీయని పాలెగాణ్ణి చంపేదానికి అమ్మవారు వేషాలేసుకోని వెతికిన కథ. బైరాగి వేషం నాడు ఒళ్ళంతా తెల్ల నామకొమ్ము పూసుకుంటారు, బండ వేషం నాడు కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గు. బండ వేషం నాడు ఎవురు ఎవుర్ని ఏ బూతు తిట్టినా పట్టించుకోకూడదు. నాలుగో నాడు అమ్మవారే దొర వేషం కడతాది, అది చూసే వాడు మోసపోయి బయటికి వచ్చినాడంట. అమ్మవారు మొగవేషం, మొగోళ్ళు ఆడవేషం. ఇంత జరిగే ఊర్లో, చీరకి పర్మిషన్ ఉంది, గాజులకి ఉంది, బూతుకి ఉంది, చిటికెడు ముగ్గుపిండికి లేదంట. ఎందుకో తెల్సా? చీర ఒక్కరోజు కడితే మొక్కు తీరిపోతాది, ముగ్గు అట్లా కాదు. ఒక్కసారి వేసినావంటే రేపు కూడా వేయమంటారు. మొగోళ్ళ భయం అదే, అరిష్టం గిరిష్టం ఏం లేదు. ఇది నా సొంత సిద్ధాంతం, ఎవురైనా కాదంటే వచ్చి నాతో వాదించొచ్చు.

ముగ్గు దగ్గరికి వస్తా. చుక్కలు ఎట్లనో సరిచేసి గీతలు మొదులుపెట్టినా, నడిమి భాగం వచ్చింది, మూలల దగ్గర ఇరుక్కపోయినా. మూల చుక్కని చుట్టి వెనక్కి తెచ్చి పక్క గీత కింద నుంచి పోనియ్యాల. నేను ఎట్ల తిప్పినా ఒక కొస మిగిలిపోతా ఉంది. మా అమ్మ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతా ఉంది. "ఎడమ పక్కకి కాదురా." "చుట్టూ తిప్పు, చుట్టూ." "తెంపొద్దు, తెంపితే మళ్ళీ అతకదు." "అయ్యో రామా." ఇంక ఓర్చుకోలేక మూడు మెట్లు గోడ పట్టుకోని దిగొచ్చింది. పీట తెమ్మనింది. కూర్చోని నా చేతిలో డబ్బా లాక్కుంది.

ఇక్కడ మీకు ఒకటి చెప్పాల. మా నాయన 2013లో పోయినాడు. ఆ పొద్దు నుంచి మా అమ్మ వాకిట్లో ముగ్గు ముట్టలేదు. వేయొద్దని ఆమెకి ఎవురూ చెప్పలా. మొదట్లో బాధ అనుకున్నాం, తర్వాత మోకాళ్ళు అనుకున్నాం. మోకాళ్ళని అనుకుంటే మాకు సుఖంగా ఉండేది, ఆయింట్‌మెంట్ తెచ్చిస్తే మా బాధ్యత తీరిపోయేది. నోములకి, పేరంటాలకి కూడా ఆమె లోపల గదిలోనే ఉండేది, మోకాళ్ళు మా, మోకాళ్ళు అని వచ్చినోళ్ళకి నేనే చెప్పేవాణ్ణి.

ఆ మోకాళ్ళతోనే వంగింది. పిండి తీసింది. గీత పడతా ఉంటే నేను అట్లే చూస్తా ఉండా, దారం పరిచినట్టు ఒకే లావు, ఎక్కడా వణుకు లేదు. తొమ్మిదేళ్ళు చేయని చెయ్యి అది. మూల తిప్పేసింది, కొస తెచ్చి కలిపేసింది, అర నిమిషం పట్టలేదు. అప్పుడు చేతి వైపు చూసుకుంది. కొంగుకి తుడుచుకోని, తలెత్తి ఎదురింటి వైపు చూసింది. తమిళామె వాళ్ళ వాకిట్లో వంగోనుంది, చూడనే చూసింది. "అవ్వా, శానా బాగొచ్చింది" అనింది.

"నేనెక్కడ వేస్తా ఉండా తల్లీ, వాడే వేస్తా ఉండాడు. వాడికి చూపిస్తా ఉండా, అంతే" అనింది మా అమ్మ.

ఆరు మూలల్లో మిగిలిన ఐదూ అట్లా చూపిస్తా చూపిస్తా ఆమే వేసేసింది.

తరిగొండ వెంగమాంబ కథ మా వైపు తెలియనోళ్ళు లేరు. తరిగొండ అప్పటి మా చిత్తూరు జిల్లానే, వాయల్పాడు దగ్గర. మొగుడు పోయినాక తల తీయించుకోమంటే, బొట్టు తీసేయమంటే, నా మొగుడు వెంకటేశ్వరస్వామి, నేను తీయను అని మొండికేసింది. రెండు వందల ఏండ్ల పైమాట. ఇప్పటికీ తిరుమలలో ఏకాంత సేవ టైంలో ఆమె ముత్యాల హారతి ఇస్తారు. కొండ మీద జనాలకి అన్నం పెట్టే పెద్ద భవనానికి ఆమె పేరే. ఆ పేరు చదువుకుంటా లోపలికి పోయి కూర్చోని సుష్టుగా తిని వస్తాం, ఇంటికొచ్చి పేరంటానికి మాత్రం ఎవుర్ని పిలవాల, ఎవుర్ని పిలవకూడదు అని లిస్టు రాస్తాం. నేనూ రాసినా, వేరే ఎవురినో అనేదానికి లేదు.

ఆరున్నరకి ముగ్గు పూర్తయ్యింది. నేను కాఫీ పెట్టుకొచ్చి అమ్మకిచ్చి తిన్నె మీద కూర్చున్నా. ఊరికే చూస్తా ఉండా. ఇంత సంతోషం నాకు షాపు మొదటి రోజు కూడా లేదు. పది నిమిషాలు గడిచిందో లేదో ఒక కారు వచ్చింది. జనవరి 2 వైకుంఠ ఏకాదశి, మూడ్రోజుల ముందు నుంచే ఊరంతా బయటూరి కార్లు, మా సందులు వాళ్ళకి ఫ్రీ పార్కింగు. ఎవురింటి గేటు ముందర పెడతారో వాళ్ళకే తెలియదు, పెట్టి కొండకి పోయి రెండ్రోజులకి వస్తారు, ఆ రెండ్రోజులు మేము మా బండ్లు తీసేదానికి లేదు. ఈ బాధ ఒకరోజు ప్రత్యేకంగా రాస్తా. ఆ కారు రివర్స్ తీసుకుంటా నేరుగా వచ్చి ముగ్గు మీద వెనక టైరు ఎక్కించింది.

నేను గ్లాసు పారేసి పరిగెత్తినా. "కండ్లు కనపడలేదా? ముగ్గు కనపడలేదా?" అని అరిచిన అరుపుకి వీధిలో కుక్క లేసింది. డ్రైవరు కుర్రోడు, దిగి చేతులు జోడించి, "సారీ అంకుల్, రోడ్డు కదా అనుకున్నా" అన్నాడు. రోడ్డే మరి. ఏం చెప్పాల.

వాణ్ణి పంపించి, ఆస్పత్రికి పోదామని బండి తీసేదానికి గేటు తెరిచినా. తెరిచి అట్లే నిలబడిపోయినా. నా బండి బయటికి రావాలంటే ముగ్గు మీద నుంచే రావాల. పెళ్ళైన 23 ఏళ్ళుగా అట్లనే తీస్తా ఉండా. ముగ్గు నడిమిన బండి ఆపి, కాలు ఆనించి, స్టార్ట్ చేసి పోవడం, వెనక టైరు గుర్తు వీధి మలుపు దాకా తెల్లగా. మొదట్లో ఆమె "కొంచెం పక్కగా తీయొచ్చు కదా" అనేది. రోజూ అనేది. ఎప్పుడు అనడం మానేసిందో గుర్తు లేదు.

ఆ రోజు బండి స్టార్ట్ చేయకుండా, కాలవ మీద బండ ఉంటే దాని మీది నుంచి తోసుకుంటా పక్కగా తీసినా. రెండు నిమిషాలు ఎక్కువ పట్టింది. మా అమ్మ కాఫీ తాగతా చూసి, "ఈ దోవ ఇన్నాళ్ళూ లేదా?" అనింది.

ఆస్పత్రిలో మా ఆవిడ అప్పటికే ఫోటో చూసేసింది. ఎదురింటామె కూతురు స్టేటస్ పెట్టిందంట. (షాపుకి పోయేసరికి అది వాట్సాప్‌లో అందరికీ చేరింది, నెలరోజులు నన్ను ముగ్గులన్నా అని పిల్చినారు, పత్రికలు ప్రింట్‌కి వచ్చినోళ్ళు కూడా.) ఆమె ఫోన్‌లో ముగ్గు పెద్దది చేసి మూల చూపించి, "ఇది నీది కాదు, అత్తమ్మ చెయ్యి" అనింది. ఎట్ల తెలిసిందంటే, "పెళ్ళైన కొత్తలో ఆమే కదా నాకు నేర్పించింది, ఆ మెలిక ఆమెదే, ఈ వీధిలో ఇంకెవురికీ రాదు" అనింది. కాసేపు దాన్నే చూసుకుంటా ఉండింది.

మరదలు కాఫీకి కిందికి పోయినప్పుడు గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పింది. "పాప ఉన్నన్నాళ్ళు నా మూడు రోజులూ అది వేసేది. పాప హాస్టల్‌కి పోయిన కాడ్నించి ఎవురు వేస్తా ఉండారనుకున్నావు?"

నిజం చెప్తా ఉండా, నేను ఎప్పుడూ అనుకోలా. పొద్దన్నే లేసి చూస్తే ముగ్గు ఉండేది, సూర్యుడు ఉన్నట్టు. ఐదేళ్ళు, నెలకి మూడు రోజులు, మా అమ్మ లేయకముందే లేసి, వేసేసి, స్నానం చేసి లోపలికి వచ్చి ఏం తెలియనట్టు పక్కగా కూర్చునేదంట. అమ్మ ఎవురు వేసినారని ఎప్పుడూ అడగలేదా అంటే, "అడగలా" అనింది. "అత్తమ్మకి మాత్రం చెప్పొద్దు." చెప్పలేదు. ఇక్కడ రాస్తా ఉండా గానీ మా అమ్మ ఫోన్‌లో భక్తి పాటలు తప్ప ఏమీ చూడదు.

నేనేమో ఒక్క ముగ్గేసి, అదీ నడిమి భాగమే వేసి, వీధికంతా జాతర గురించి లెక్చరు ఇచ్చినా.

ఇప్పుడు ఆదివారాలు నేను వేస్తా. మిగతా రోజులు ఆమె. పండగలకి మా అమ్మ పీట వేసుకోని "చూపిస్తాది". నడుము నొప్పి తగ్గుతాది అంటారు గానీ నాకు ఈ ముగ్గుతోనే మొదులైంది. మూడో ఇంటాయన ఇప్పుడు నగడు, నేను వంగోనుంటే ఇంకో వీధి నుంచి వాకింగ్ పోతాడు, వాళ్ళావిడ చూసి ఏమన్నా అడుగుతాదేమో అని.

7 చుక్కలది వచ్చేసింది, 37 కరెక్టుగా పెడతా ఉండా. 9 చుక్కలు, సందు చుక్క, 5 వరకు, సులువుగా వచ్చే మెలికల ముగ్గు ఎవురి దగ్గరన్నా ఉంటే కింద ఫోటో పెట్టండి. నెమళ్ళు వొద్దు.